పైథాన్ కొత్తగా మొదలుపెడుతున్నారా? 2.7 వదిలేయండి, 3లో కూడా అన్నిటికన్నా కొత్తది వద్దు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: ప్రోగ్రామింగ్ మీకు పూర్తిగా కొత్త, పైథాన్‌తో మొదలుపెడదామనుకున్నారు. ఒక ఫ్రెండ్ "2.7 నేర్చుకో, మెటీరియల్ అంతా అందులోనే ఉంది" అన్నాడు, ఇంకొకరు "కాదు, 3" అన్నారు. సరే అని డౌన్‌లోడ్ పేజీ తెరిస్తే 3.14, 3.13, 3.12 అంటూ వరసగా కనబడి బుర్ర తిరిగింది. పైగా 2.7 మీద ఉన్న ఒక వీడియో కోర్సు ఇప్పటికే సగం చూసేశారు. రేపు ఇంకో వెర్షన్ వస్తే నేర్చుకున్నదంతా వేస్ట్ అవుతుందా అన్న టెన్షన్ ఒకటి.

ముందు జవాబు చెప్పేస్తా. 3 వేసుకోండి. 3లో కూడా అన్నిటికన్నా కొత్తది కాకుండా దానికి ఒక్క మెట్టు కింద ఉన్నది తీసుకోండి. 3.14 వచ్చింది 2025 అక్టోబరులో, కాబట్టి ప్రస్తుతానికి మీకు 3.13. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపేసి వెళ్లి ఇన్‌స్టాల్ చేసుకోండి, ఏమీ నష్టం లేదు. ఎందుకు అని తెలుసుకోవాలనుంటే మిగతాది చదవండి, కాస్త పొడుగే.

మీ ఫ్రెండ్ అబద్ధం చెప్పలేదు. ఆయన చెప్పింది ఒకప్పుడు నిజం, అంతే. పైథాన్ 3.0 వచ్చింది 2008 డిసెంబరులో. పాత ప్రోగ్రాములు ఇందులో నడవవు అని తెలిసే, కావాలనే అలా చేశారు, ఎందుకంటే భాషలో మొదటి నుంచీ ఉన్న కొన్ని తప్పుల్ని పాతది విరగ్గొట్టకుండా సరిచేసే దారి లేదు. కానీ భాష మారితే సరిపోదు కదా, దాని మీద ఆధారపడిన లైబ్రరీలన్నీ (అంటే వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన, మన ప్రోగ్రాంలో తెచ్చి వాడుకునే కోడ్) మారాలి. అవి కదల్లేదు. లైబ్రరీలు లేవని జనం 3కి రాలేదు, జనం లేరని లైబ్రరీలు రాసేవాళ్లు 3కి రాలేదు, ఇలా ఏళ్లు గడిచాయి. మధ్యలో 2010లో 2.7 వచ్చింది, 2 వరసలో అదే ఆఖరిది. దానికి సపోర్టు 2015లో ఆపేస్తామని మొదట చెప్పి, జనం ఇంకా అక్కడే ఉన్నారని 2020 దాకా పొడిగించారు.

నేను నేర్చుకుంది 2.6 మీద. ఎవరైనా అడిగితే చాలాకాలం నేనూ మీ ఫ్రెండ్ లాగే "ప్రస్తుతానికి 2.7 వేసుకో, 3 సంగతి తర్వాత చూద్దాం" అనేవాణ్ణి, అప్పట్లో అది సరైన సలహానే. తర్వాత ఒక్కోటీ పక్కకి తప్పుకున్నాయి: 2017 డిసెంబరులో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో 2.0 వచ్చినప్పుడు అందులో పైథాన్ 2కి చోటు లేదు, 2019లో లెక్కల లైబ్రరీ నమ్‌పై వదిలేసింది, 2020 జనవరి 1న 2.7కి అధికారికంగా సపోర్టు ఆగిపోయింది, ఆ ఏప్రిల్‌లో 2.7.18 అని ఆఖరి విడుదల ఇచ్చి తలుపులు మూసేశారు, 2021 జనవరిలో లైబ్రరీలు దించి ఇన్‌స్టాల్ చేసే పిప్ కూడా 2ని వదిలేసింది. అంటే ఇవాళ మీరు 2.7 వేసుకుంటే లైబ్రరీల కొత్త వెర్షన్లు రావు, ఉన్నదాంట్లో సెక్యూరిటీ లోపం బయటపడితే పైథాన్ వాళ్లు సరిచేయరు. సలహా పాతబడిపోయినా నెట్‌లో రాసిన పేజీ మాత్రం నిన్న రాసినట్టే కనబడుతుంది, చిక్కంతా అక్కడే.

"సపోర్టు లేకపోతే నాకేంటి, నేను నేర్చుకోవడానికే కదా" అని మీరు అనొచ్చు. న్యాయమైన ప్రశ్న. నా ఉద్దేశంలో అసలు కారణం సపోర్టు కాదు. కొత్తగా నేర్చుకునేవాడు తప్పు చేస్తే 2.7 చాలాసార్లు నోరు మూసుకుని ఊరుకుంటుంది, 3 వెంటనే ఆపి చెబుతుంది. ఒక్క ఉదాహరణ చూపిస్తా, ఇది నా కళ్లముందు జరిగింది.

అంకె ఊహించే ఆట ఉంది కదా, ప్రతి కోర్సులోనూ రెండో వారంలో చేయిస్తారు: కంప్యూటర్ 1 నుంచి 100 లోపు ఒక అంకె మనసులో పెట్టుకుంటుంది, మనం చెబుతుంటే "పెద్దది", "చిన్నది" అంటుంది. ఒక కుర్రాడు దీన్ని 2.7లో రాశాడు. 50 టైప్ చేస్తే "పెద్దది" అంది. 10 అంటే "పెద్దది". 1 అంటే "పెద్దది". చిరాకొచ్చి మైనస్ 5 కొట్టాడు, దానికీ "పెద్దది" అనే అంది! రెండు సాయంత్రాలు దాని ముందే కూర్చుని లూప్ మార్చాడు, గుర్తులు తిరగేశాడు, కంప్యూటర్ ఎంచుకున్న అంకెను ప్రింట్ చేయించి చూసుకున్నాడు, అది 37 అని చక్కగా కనబడుతూనే ఉంది. జరిగిందేంటంటే, రా ఇన్‌పుట్ అనే ఫంక్షన్ కీబోర్డు నుంచి తెచ్చేది అంకె కాదు, అక్షరాల వరస, అంటే స్ట్రింగ్. వాడు దాన్ని ఇంట్ అనే దానితో అంకెగా మార్చడం మర్చిపోయాడు. అప్పుడు స్ట్రింగ్‌ని అంకెతో పోల్చినట్టయింది. 2.7లో అలా పోలిస్తే ఎర్రర్ రాదు, అంకెకన్నా స్ట్రింగే ఎప్పుడూ పెద్దది అని అది తనంతట తాను అనేసుకుంటుంది. అందుకే మైనస్ 5 కూడా 37 కన్నా పెద్దదైపోయింది. అదే ప్రోగ్రాం 3లో రాసి ఉంటే మొదటి అంకె కొట్టగానే ఆగిపోయి, స్ట్రింగ్‌నీ ఇంట్‌నీ పోల్చడం కుదరదు అని లైన్ నంబరుతో సహా చెప్పేది. రెండు సాయంత్రాల పని రెండు నిమిషాల్లో అయిపోయేది.

ఇలాంటిదే ఇంకోటి, భాగహారం. 50కి 45 మార్కులు వస్తే ఎంత శాతం? 45ని 50తో భాగించి 100తో గుణించండి. 2.7లో జవాబు 0. తమాషా కాదు, నిజంగానే సున్నా. రెండూ పూర్ణాంకాలు కాబట్టి భాగహారం జవాబులో చుక్క తర్వాత ఉన్నదంతా కోసేస్తుంది, 0.9 కాస్తా 0 అవుతుంది, దాన్ని వందతో గుణిస్తే ఏమొస్తుంది. 3లో 90.0 వస్తుంది, పూర్ణాంకమే కావాలంటే రెండు స్లాష్‌లు పెట్టాలి. ఇది తెలిసినవాడికి చిన్న విషయమే, కానీ మొదటి వారంలో ఉన్నవాడు "లెక్క తప్పా, నేను తప్పా, కంప్యూటర్ తప్పా" అనుకుంటూ కూర్చుంటాడు.

ఇక మనకి ప్రత్యేకంగా పనికొచ్చేది ఒకటుంది, తెలుగు. 2.7లో మీ ఫైలులో ఎక్కడైనా, చివరికి కామెంట్‌లో అయినా సరే, ఒక్క తెలుగు అక్షరం పెట్టారంటే, ఎన్‌కోడింగ్ (అక్షరాలని బైట్లుగా దాచే పద్ధతి) ఏమిటో పైన ఒక లైన్ రాసి చెబితే తప్ప ప్రోగ్రాం అసలు మొదలే కాదు. ఆ లైన్ రాశాక "తెలుగు" అనే మాట పొడవెంత అని లెన్ అనే ఫంక్షన్‌తో అడిగితే 18 అంటుంది. 3లో అడిగితే 6 అంటుంది. కంటికి కనబడేవి మూడు అక్షరాలే కదా, 6 ఎక్కడిది అంటే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, ఇలా యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే పట్టికలో) గుణింతపు గుర్తులు విడివిడిగా ఉంటాయి కాబట్టి. ఆ ఆరింటికీ యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో తలా మూడు బైట్లు పడతాయి, 2.7 లెక్కపెట్టింది ఆ బైట్లని. కాబట్టి 3 కూడా మన లెక్కకి పూర్తిగా రాదు, కానీ కనీసం బైట్లు వేరు, అక్షరాలు వేరు అన్న సంగతి దానికి తెలుసు. 2.7లో ఈ రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి, ఇంగ్లీషు ఒక్కటే వాడినంతకాలం తేడా తెలియదు, తెలుగు పేరు ఒకటి రాగానే డీకోడ్ ఎర్రర్ అంటూ కూలబడుతుంది. నా ఉద్యోగం మొదట్లో ఎన్ని రాత్రిళ్లు దీనికి ధారపోశానో నాకే లెక్క లేదు. (3లో వేరియబుల్ పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు, సరదాకి ఒకసారి చేసి చూడండి, అలవాటు మాత్రం చేసుకోకండి.)

అందరూ ముందుగా చెప్పే తేడా, ప్రింట్ పక్కన బ్రాకెట్లు. అది నిజానికి అన్నిటికన్నా చిన్న తేడా, అర్ధగంటలో చేతికి అలవాటైపోతుంది.

సరే, 3 అని తేలింది. మరి అన్నిటికన్నా కొత్త 3 ఎందుకు వద్దంటున్నా? భాషలో లోపం ఉంటుందని కాదు, బాగానే పరీక్షించి విడుదల చేస్తారు. ఇక్కడ కూడా సమస్య లైబ్రరీలదే, కాకపోతే ఈసారి కొన్ని నెలల పాటే. ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ వస్తుంది. మీరు పిప్‌తో లైబ్రరీ వేసుకున్నప్పుడు, లోపల సీ భాషలో రాసిన ముక్క ఉన్న లైబ్రరీ అయితే, మీ పైథాన్ వెర్షన్‌కి ముందే కంపైల్ చేసి (అంటే కంప్యూటర్ నేరుగా నడపగలిగే రూపంలోకి మార్చి) పెట్టిన ఫైలు ఉందా అని పిప్ వెతుకుతుంది. దాన్ని వీల్ అంటారు. పెద్ద లైబ్రరీలు వెంటనే పెట్టేస్తాయి, ఒకరో ఇద్దరో ఖాళీ టైములో నడిపే లైబ్రరీలకి మాత్రం నెలలు పడుతుంది. వీల్ దొరక్కపోతే పిప్ సోర్సు దించుకుని మీ కంప్యూటర్లోనే కంపైల్ చేయబోతుంది, మీ దగ్గర సీ కంపైలర్ ఉండదు, అప్పుడు స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు, చివర్లో విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 కావాలి అని ఒక లైన్. మా టీములో కొత్తగా చేరిన ఒకమ్మాయి కొత్త వెర్షన్ వచ్చిన వారమే వేసుకుని సరిగ్గా ఇందులోనే ఇరుక్కుంది. తనకి పైథానే రావట్లేదు, ఇప్పుడు సీ ప్లస్ ప్లస్ కూడా నేర్చుకోవాలా అని దాదాపు ఏడ్చినంత పని చేసింది. వెనక వెర్షన్ వేయించా, అదే కమాండ్ నిమిషంలో అయిపోయింది. ఒక మెట్టు కిందది వేసుకుంటే ఆ ఏడాదిలో లైబ్రరీలన్నీ సర్దుకుని ఉంటాయి, అంతకుమించి ఇందులో రహస్యం లేదు. మీరు లైబ్రరీలేమీ వాడకుండా ఉత్త భాష మాత్రమే నేర్చుకుంటున్నారంటే 3.14 వేసుకున్నా ఏమీ కాదు, దాని కోసం ఎవరితోనూ వాదించకండి.

మరీ పాత 3 కూడా వద్దు. ఒక్కో వెర్షన్‌కి ఐదేళ్ల ఆయుష్షు. 3.13 నుంచి అయితే మొదటి రెండేళ్లు మామూలు బగ్గులు సరిచేస్తారు, తర్వాత మూడేళ్లు సెక్యూరిటీ లోపాలు మాత్రమే. ఆ రెండో దశలోకి వెళ్లాక విండోస్ ఇన్‌స్టాలర్ తయారుచేసి ఇవ్వరు, సోర్సు ఒక్కటే పెడతారు. కొందరు 3.11 పేజీ తెరిచి "ఇన్‌స్టాలర్ లింకే లేదేంటి" అని వెతుక్కునేది ఇందుకే. ఒక మినహాయింపు ఏంటంటే, మీది విండోస్ 7 ఉన్న పాత మెషీన్ అయితే 3.8 దాకే నడుస్తుంది, చేసేదేం లేదు, దాంతోనే మొదలుపెట్టండి, అదైనా 2.7 కన్నా వెయ్యి రెట్లు నయం.

కొత్తవాటిలో నేర్చుకునేవాళ్లకి దొరికే అసలు లాభం స్పీడు కాదు, ఎర్రర్ మెసేజీలు. 3.10 నుంచి వీటి మీద చాలా పనిచేశారు. ఇదివరకు ఒక బ్రాకెట్ మూయడం మర్చిపోతే ఏ తప్పూ లేని కింది లైన్‌ని చూపించి సింటాక్స్ ఎర్రర్ అనేది, మనం ఆ లైన్‌నే పట్టుకుని గింజుకునేవాళ్లం. ఇప్పుడు ఫలానా బ్రాకెట్ తెరిచి మూయలేదు అని ఆ బ్రాకెట్‌నే చూపిస్తుంది. వేరియబుల్ పేరులో ఒక అక్షరం తప్పు కొడితే ఇదా మీరు రాయాలనుకున్నది అని అడుగుతుంది. 3.11లో ఒక పొడుగాటి లైన్లో సరిగ్గా ఏ ముక్క దగ్గర తేడా వచ్చిందో కింద గీత గీసి చూపించడం మొదలైంది. 3.13లో ఎర్రర్లకి రంగులు వచ్చాయి, ఇంకా చిన్న ముచ్చటేంటంటే, లైన్ కొట్టగానే జవాబిచ్చే పైథాన్ విండోలో ఎగ్జిట్ అని కొడితే బయటికి పోతుంది. నవ్వకండి, అంతకుముందు ఎగ్జిట్ అని కొడితే, బయటికి వెళ్లాలంటే బ్రాకెట్లు పెట్టి కొట్టు అని మనకే పాఠం చెప్పేది.

వెర్షన్ నంబర్ల గురించి ఒక మాట. 3.10 అంటే మూడు పాయింట్ ఒకటి కాదు, మూడు పాయింట్ పది. 3.9 తర్వాత వచ్చేది 3.10. లెక్కల్లో దశాంశంలా చదివి "3.9 పెద్దది కదా" అని పాతది వేసుకున్నవాళ్లని చూశాను. నవ్వే హక్కు నాకు లేదు లెండి, వెర్షన్‌లో మొదటి మూడు అక్షరాలు మాత్రమే తీసుకుని చూసే స్క్రిప్టు ఒకటి నేనే రాశాను, 3.10 వేసిన రోజు అది 3.1 అని చదివి "ఇది చాలా పాత పైథాన్, నేను నడవను" అని మొండికేసింది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు జనం తట్టుకుని పడేది రెండు మూడు చోట్లే. విండోస్‌లో ఇన్‌స్టాలర్ మొదటి స్క్రీన్‌లో కింద పాత్‌కి (కమాండ్ల కోసం కంప్యూటర్ వెతికే ఫోల్డర్ల జాబితాకి) కలపమంటారా అని ఒక టిక్ బాక్స్ ఉంటుంది, అది పెట్టకుండా ముందుకి పోతే తర్వాత పైథాన్ అని కొట్టినప్పుడు కమాండ్ దొరకలేదనైనా అంటుంది, లేదా మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. లినక్స్‌లో పైథాన్ ముందే ఉంటుంది, కాకపోతే చాలావాటిలో పైథాన్3 అని పక్కన 3 కలిపి కొట్టాలి. ఆ సిస్టమ్ పైథాన్ పాతదిగా ఉందని తీసేసే సాహసం మాత్రం చేయకండి, సిస్టమ్‌లో సగం పనులు దాని మీదే నడుస్తాయి. నేనొకసారి తీసేశా. రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ లేదు, నల్ల స్క్రీన్ మీద కర్సర్ మిణుకుమిణుకుమంటోంది. ఒకటికి మించి వెర్షన్లు పక్కపక్కనే ఉండొచ్చు, గొడవేమీ లేదు, ప్రతి ప్రాజెక్టుకీ పైథాన్‌తోనే వచ్చే వెన్వ్‌తో ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టుకి మాత్రమే విడిగా ఉండే పైథాన్, దాని లైబ్రరీలు) పెట్టుకుంటే ఏ వెర్షన్ దేనికో కలగాపులగం కాదు. మొదటి వారంలోనే ఇది అవసరం లేదు, మొదటి లైబ్రరీ వేసుకున్న రోజు నేర్చుకోండి చాలు.

కొత్త వెర్షన్ వస్తే నేర్చుకున్నది పోతుందా అంటే, పోదు. 2 నుంచి 3కి జరిగింది ఒక్కసారి జరిగిన పెద్ద కుదుపు, ఆ దెబ్బకి వాళ్లకీ బుద్ధి వచ్చింది, మనకీ వచ్చింది. 3 లోపల ఏటా వచ్చే మార్పులు చాలావరకు చేర్పులే. 3.6లో ఎఫ్-స్ట్రింగ్స్ వచ్చాయి, 3.10లో మ్యాచ్ వచ్చింది, అవి తెలియకుండానే ఏడాది పాటు హాయిగా ప్రోగ్రాములు రాసుకోవచ్చు. పాతబడినవాటిని అప్పుడప్పుడు తీసేస్తుంటారు, ఉదాహరణకి 3.12లో డిస్ట్‌యుటిల్స్ అనేది తీసేశారు, కానీ నేర్చుకునేవాడి చేతికి అవి తగలడం అరుదు. మీ పుస్తకం 3.8 కోసం రాసిందైతే 3.13లో నిశ్చింతగా చదువుకోండి. (జావా వైపు నుంచి వచ్చినవాళ్లు ఎల్‌టీఎస్, అంటే మిగతావాటికన్నా ఎక్కువకాలం సపోర్టు ఉండే వెర్షన్, ఏది అని అడుగుతారు, పైథాన్‌లో అలాంటి విడిపోయిన వర్గం లేదు, అన్నిటికీ అదే ఐదేళ్లు.)

మెటీరియల్ పాతదా కొత్తదా అని తేదీ చూసి నమ్మకండి, కోడ్ చూడండి. ప్రింట్ పక్కన బ్రాకెట్ లేదా, రా ఇన్‌పుట్ ఉందా, రేంజ్ బదులు ఎక్స్‌రేంజ్ ఉందా, యూఆర్ఎల్ లిబ్ పక్కన 2 ఉందా, వీటిలో ఒక్కటి కనబడినా అది 2.7 కాలం నాటిదే. మీ కాలేజీయో, పరీక్షో, ప్రోగ్రాములు దిద్దే సైటో ఫలానా వెర్షన్ అని చెబితే మాత్రం నా మాట పక్కనపెట్టి అదే వేసుకోండి. కొన్ని సైట్లలో ఉత్త పైథాన్ అని ఒకటి, పైథాన్ 3 అని ఒకటి విడిగా ఉంటాయి, ఉత్త పైథాన్ అన్నది చాలాచోట్ల 2.7, చూసి ఎంచుకోండి.

ఉద్యోగంలో 2.7 కోడ్ తగలదా అంటే, తగలొచ్చు. ఇంకా అక్కడక్కడా నడుస్తూనే ఉంది, నేనే కొన్ని చోట్ల దుమ్ము దులిపాను. 3 బాగా వచ్చినవాడికి 2.7 చదవడం ఒక వారం పని. అందుకోసం ఇప్పుడే నేర్చుకుని పెట్టుకోనక్కర్లేదు.

ఇక మీరు సగం చూసిన కోర్సు సంగతి. పారేయనక్కర్లేదు, మొదటి నుంచి మొదలెట్టనూ అక్కర్లేదు. లూపులు, ఫంక్షన్లు, లిస్టులు, డిక్షనరీలు, అవన్నీ మీకు వచ్చేసినట్టే. మిగతా సగం మాత్రం 3 మీద ఉన్న కోర్సులో చూడండి. అంతకుముందు ఒక పని చేయండి: ఇప్పటిదాకా 2.7లో రాసిన ప్రోగ్రాములన్నీ 3.13లో ఒక్కోటీ మళ్లీ టైప్ చేసి రన్ చేయండి, కాపీ పేస్ట్ వద్దు. సగం ప్రింట్ దగ్గరే ఆగుతాయి, బ్రాకెట్లు పెట్టండి. తర్వాత ఇన్‌పుట్ దగ్గర ఆగుతాయి, ఎందుకంటే 2.7లో ఇన్‌పుట్ మీరు 25 అని కొడితే అంకెగానే తెచ్చిచ్చేది, 3లో అదీ స్ట్రింగే, ఇంట్‌తో మార్చుకోవాలి. ఈ రెండూ దాటాక కూడా ఏదైనా ప్రోగ్రాం నడవకపోతే, కోడ్‌నీ ఎర్రర్‌నీ మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా టెక్స్ట్‌గా కాపీ చేసి ఇక్కడ పెట్టండి, ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి కాదు. అన్నిటికన్నా పనికొచ్చేది ఆ చివరి లైనే, ఫొటోల్లో సరిగ్గా అదే కటైపోయి వస్తుంది.